అరువు మాటలు

మా మరదలి తల తెరిచి డాక్టర్లు పని చేస్తుంటే, తను మెలకువగానే ఉండి, "లోపల ఏమన్నా ఉందాండీ? ఏం లేదని మా వదిన ఇరవై ఏళ్ళ నుంచీ అంటంది" అని అడిగిందట. ఈ సంగతి నాకు డాక్టర్ విశాలాక్షిగారే చెప్పారు. చెబుతూ నవ్వారు, తర్వాత కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు.

నా పేరు నూకరత్నం. మాది ఉప్పాడ. పదో తరగతి దాకా చదివాను, తెలుగులో క్లాసు ఫస్టు. ఆ ధైర్యంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను కానీ అది చాలడం లేదు. మధ్యమధ్యలో కొన్ని మాటలు నాకు అందవు. అప్పుడు పక్కన కూర్చున్న లోవని మోచేత్తో పొడుస్తాను. తను చెబుతుంది, నేను రాస్తాను. ఇలా ఎందుకయిందో చెప్పడానికే ఈ కథ.

లోవ అంటే లోవకుమారి, మా ఆయన చెల్లెలు. తన భర్త సత్తిబాబు వ్యాను తోలతాడు. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే, మగ్గమూ ఒకటే. మా ఊరి జాందానీ చీర ఒక్క మనిషి నేసేది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పడుగు కింద డిజైను కాగితం పెట్టుకుని, దాన్ని చూసుకుంటూ ఒక్కో పువ్వు దగ్గర జరీ పోగు వేళ్ళతో దూర్చాలి. కుడివైపు పువ్వులు నావి, ఎడమవైపువి లోవవి. ఇద్దరివీ అయ్యాకే పేక పోగు మోసే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తాలి. లోవ చెయ్యి నాకంటే చురుకు, తనవి ఎప్పుడూ ముందే అయిపోతాయి. నావి కూడా అయ్యాక నేను మగ్గం చెక్క మీద గోటితో రెండుసార్లు కొడతాను. టక్ టక్. అప్పుడు తను నాడె తోలుతుంది. ఇరవై ఏళ్ళలో నేను కొట్టకుండా తను ఒక్కసారి కూడా తోలలేదు.

చేతుల సంగతి అది. నోళ్ళ సంగతి వేరు. వదినా మరదళ్ళం కదా, ఒకరి మాట ఒకరం ఏనాడూ పూర్తి కానివ్వలేదు.

జబ్బు కూడా మాటల దగ్గరే బయటపడింది. ఒకరోజు ఆకుపచ్చ పోగు అందించమంటే లోవ "ఇదిగో కొబ్బరికాయ" అంది. ఎకసెక్కం అనుకుని నేనూ రెండు అన్నాను. మర్నాడు మగ్గం మీదే ఒరిగిపోయింది. విశాఖపట్నం తీసుకువెళితే తలలో గడ్డ ఉందన్నారు. అది సరిగ్గా మాట పుట్టే చోట కూర్చుంది. తీయకపోతే మనిషి దక్కదు, తీస్తే మాట దక్కదు.

"మాట పోయినా తిరిగి తెచ్చే ప్రయత్నం ఒకటి చేస్తున్నాం" అన్నారు విశాలాక్షిగారు. "ఇప్పటిదాకా నలుగురికి చేశాం. ఇద్దరికి మాట వచ్చింది. ఇద్దరికి రాలేదు."

ఆవిడ చెప్పింది నాకు అర్థమయినట్టు రాస్తాను. లోవ చర్మంలోంచి చిటికెడు తీసి, దాన్నుంచి మెదడు కణాలు పెంచుతారు. గడ్డ తీసిన చోట వాటిని పరుస్తారు. ఆవిడ దానికి ఇంగ్లీషు పేరు చెప్పారు కానీ లోవ వెంటనే, "చిరిగిన చోట మాసిక వేస్తారన్నమాట" అంది. అప్పటి నుంచి ఆ ల్యాబులో అందరూ దాన్ని మాసికనే అన్నారు. కొత్త మాసికకి ఏమీ తెలియదు. పక్కన పాత గుడ్డ ఉంటేనే అది నేతలో కలుస్తుంది. ఆ పాత గుడ్డ ఇంకో మనిషి మెదడు. లోవ చెవి వెనక చిన్న బిళ్ళ, ఆ రెండో మనిషి తలకి ఒక పట్టీ. లోవ మాట్లాడాలనుకున్నప్పుడు మాసిక ఆ మనిషి దగ్గర మాట అరువు తెచ్చుకుంటుంది. తొంభై రోజులు అలా అరువు తెచ్చుకుంటూ తనే నేర్చుకుంటుంది. తర్వాత పట్టీ తీసేస్తారు.

అరువు ఇచ్చేవాళ్ళ మెదడు నడక లోవ నడకతో కలవాలి. ముందు సత్తిబాబుని కూర్చోబెట్టి బొమ్మలు చూపించారు. తెర మీద ఇద్దరి గీతలూ ఉత్తరం దక్షిణం పోయాయి. "ఇరవై ఏళ్ళ కాపురమండీ, ఒక్క గీతా కలవలేదు" అంది లోవ. సత్తిబాబు మొహం మాడిపోయింది. మా ఆయన గీత ఇంకా దూరం పోయింది. చివరికి ఊరికే నన్ను కూర్చోబెట్టారు. రెండు గీతలూ ఒకే పోగులా నడిచాయి.

విశాలాక్షిగారు తెర వంకా మా వంకా మార్చి మార్చి చూశారు. "మీరిద్దరూ ఏం చేస్తారు?"

"ఒకే మగ్గం మీద కూర్చుంటామండి. ఆయ్, పోట్లాడుకుంటామండి" అన్నాను.

ఆపరేషను రోజు పొద్దున లోవకి సగం తల గొరిగారు. అద్దం అడిగి చూసుకుని, "సగం గుండుకి దేవుడు సగం మొక్కే లెక్కేసుకుంటాడేమో, అడిగి చెప్పండి" అంది. నర్సు నవ్వలేక ఆపుకోలేక అవస్థ పడింది. స్ట్రెచరు తలుపు దగ్గరకి వచ్చాక లోవ నా వేలు పట్టుకుంది. దాని చెయ్యి చల్లగా ఉంది, అప్పుడు తెలిసింది నాకు దాని భయమెంతో.

"ఇంక నువ్వు మాట్లాడుతుంటే అడ్డొచ్చేవాళ్ళుండరొదినా. పండగ చేస్కో" అంది. దాని సొంత గొంతులో, సొంత మాటలో నేను విన్నది అదే చివరిది.

గడ్డ మొత్తం వచ్చింది, ఆ చోట మాసిక పరిచారు. మనిషి దక్కింది. నాలుగు రోజులు లోవ నోట్లోంచి ఒక్క ముక్క లేదు. మనం అనేది తెలుస్తోంది, తను అనలేకపోతోంది. అయినా ఊరుకుందా? పెద్ద సర్జను గారు ఎలా నడుస్తారో, తల ఎలా ఎగరేస్తారో మంచం మీద కూర్చునే చేసి చూపించేది. వార్డంతా నవ్వేది. ఒకసారి నేను బాత్రూములోంచి వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుని మళ్ళీ సర్జను గారిలా తల ఎగరేసింది. ఆ రోజు నేను నవ్వలేకపోయాను.

అయిదో రోజు నా తలకి పట్టీ కట్టారు. బొమ్మలు పెట్టి అడిగితే ఏమీ రాలేదు. మధ్యాహ్నం ఉప్మా తినకుండా పక్కకి నెట్టేస్తే నాకు ఒళ్ళు మండింది. "పొద్దున్నుంచీ ఏం తినకుండా ఇలా మొండికేస్తే ఇంటికెళ్ళి మీ అన్నయ్యకి నేనేం..." అంటున్నాను. అంతే, నోరు ఆగిపోయింది. గాలి వస్తోంది, మాట రావడం లేదు. ఎదురుగా లోవ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉప్పు... లేదు" అంది.

గొంతు దానిదే. నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చారు. తను మాట్లాడితే నా మాట ఆగుతుందని, నేను మాట్లాడుతుంటే తను అందుకోవచ్చని, ఇద్దరం ఒకేసారి మాత్రం మాట్లాడలేమని అప్పుడు తేలింది. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత మొదటిసారి మేమిద్దరం వంతులు వేసుకుని మాట్లాడుకున్నాం.

ఆసుపత్రి వెనక వీధిలోనే ఒక మేడ గది అద్దెకి తీసుకున్నాం. పది అడుగులు దాటితే బిళ్ళకీ పట్టీకీ మధ్య వంతెన తెగుతుంది కాబట్టి ఎక్కడికెళ్ళినా జంటగానే. కూరగాయలావిడతో నేను గట్టిగా గీసి గీసి బేరం చేస్తుంటే లోవ పక్కనుంచి, "ఎండ ఎక్కువగా ఉంది కదండీ" అనేది. నా నోరు టక్కున మూతపడేది. కూరగాయలావిడకి అది పండగ. నేను కోప్పడబోతే మళ్ళీ ఏదో ఒకటి అనేది, కోపం కూడా లోపలే ఉండిపోయేది. ఇంత సుఖంగా నన్ను ఓడించడం దానికి జన్మలో కుదరలేదు.

ల్యాబులో ఇంకో విచిత్రం కనిపెట్టారు. బొమ్మలు చూపించి "ఇదేమిటి, ఇదేమిటి" అంటే మాసిక గీత నిద్రపోతున్నట్టు ఉండేది. మేమిద్దరం ఎకసెక్కాలకి దిగితే ఎగిరి గంతులేసేది. తర్వాత ఏం వస్తుందో తెలియని మాట కోసం వెతుక్కోవడంలోనే మాసిక పెరుగుతోందన్నారు విశాలాక్షిగారు. చీటీ మీద మందుల కింద, "రోజుకు రెండు గంటలు పోట్లాట" అని రాసి సంతకం పెట్టారు. ఆ చీటీ సత్తిబాబు మా ఊళ్ళో అందరికీ చూపించాడు.

ముప్పై రోజులయ్యేసరికి లోవ చిన్న చిన్న మాటలు, యాభై రోజులకి పెద్ద మాటలు అనగలిగింది. అందులో ఎన్ని తనవో, ఎన్ని నావో ఎవరికీ తెలియదు.

నాకు మాత్రం ఒకటి తెలుసు. నా మాటలు పోతున్నాయి.

మొదట పోయింది వంటింట్లో వస్తువు. అట్లు తిప్పేది. దాని పేరు ఇప్పుడు రాయను, కథలో దాని చోటు వచ్చాక రాస్తాను. తర్వాత ఒక రంగు పేరు పోయింది. తర్వాత మా వీధి చివర ఇంటావిడ పేరు. మా ఆయన పేరు పోయిందో లేదో చూసుకుందామనుకున్నాను కానీ, ఎలాగూ పైకి పలకను కదా, ఉంటేనేం పోతేనేం అని ఊరుకున్నాను. వారానికోసారి నాకూ పరీక్ష చేసేవాళ్ళు. ఆవు, దువ్వెన, గొడుగు అంటూ ముప్పై బొమ్మలు. నేను పోగొట్టుకున్నవి ఆ ముప్పైలో లేవు. అందుకని అన్నీ టకటకా చెప్పేదాన్ని. పోయినవాటి సంగతి చెబితే పట్టీ తీసేస్తారు. అప్పుడు లోవ మాట ఎక్కడిదక్కడే ఆగిపోతుంది! నాలుగు మాటలు పోతే పోయాయి, ఇన్నేళ్ళూ అవసరానికి మించే మాట్లాడాను అనుకున్నాను.

యాభై తొమ్మిదో రోజు పొద్దున అట్లు పోస్తున్నాను. రెండు పొయ్యిల మీదా పనే, చేతులు ఖాళీ లేవు. పెనం మీద అట్టు అంచులు ఎర్రబడిపోయాయి. గూట్లో ఉన్న దాన్ని అందించమని లోవకి చెప్పాలి.

"అది... అదే... దాన్ని అందుకో."

"ఏది?"

"అదే. అట్లు తిప్పేది."

లోవ పకపకా నవ్వింది. "దానికి పేరు లేదేంటొదినా? అత్తగారి పేరేమన్నా పెట్టావా, పలకడానికి సిగ్గు?" అంది. నేనూ నవ్వబోయాను. నా మొహం చూసి తను ఆగిపోయింది. అట్టు మాడింది. ఇద్దరిలో ఒక్కరమూ పొయ్యి ఆపలేదు.

తను లేచి గూట్లోంచి ఒక్కో వస్తువు తీసి నా ముందు పెట్టింది. చెంబు అన్నాను. గరిటె అన్నాను. జల్లెడ అనే మాట ఇప్పుడు లోవ అందించింది కానీ, ఆ రోజు నాకు రాలేదు. తను దాన్ని నా ముందు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత జాగ్రత్తగా మళ్ళీ గూట్లో పెట్టేసింది.

"ఎన్ని పోయాయి?" అంది.

"నాలుగో అయిదో. నువ్వు డాక్టరమ్మకి చెప్పావంటే చూడు" అన్నాను.

తను వెళ్ళి పొయ్యి ఆపింది. సరే, ఒప్పుకుందనుకున్నాను. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని కూడా అంత తెలివితక్కువగా ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

పదకొండింటికి ల్యాబుకి వెళ్ళాం. కుర్చీలో కూర్చోగానే లోవ మొదలుపెట్టింది. "మేడంగారండీ, మా వదిన మాటలు అరిగిపోతన్నాయండి. నా కోసం దాస్తందండి. ఈ పట్టీ ఇవాళే తీసెయ్యండి."

నేను లేచాను. అబద్ధం అందామని నోరు తెరిచాను. గాలి.

విశాలాక్షిగారి మొహం పాలిపోయింది. "ఇంకా ముప్పై రోజులుంది లోవా. మాసిక నిండా పెరగలేదు. ఇప్పుడు తీస్తే నీకు మాట రాకపోవచ్చు. ఒకసారి తీస్తే మళ్ళీ కలపలేం."

"తెలుసండి. తీసెయ్యండి."

నేను చేతులు ఊపుతున్నాను, తల అడ్డంగా ఊపుతున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "రత్నంగారూ, మీరేమంటారు?" అన్నారు. నేను అనేలోపు లోవ మళ్ళీ అందుకుంది. చెప్పవలసింది అయిపోయినా ఆపలేదు. ఆపితే నేను మాట్లాడతానని దానికి తెలుసు. జరీ పోగుల రంగులన్నీ చెప్పింది. ఉప్పాడ నుంచి పిఠాపురం దాకా బస్సు ఆగే చోట్లన్నీ చెప్పింది. మా పెళ్ళి వంటలు వరసగా చెప్పింది, మా ఆయన గారెలు ఎన్ని తిన్నాడో కూడా చెప్పింది. దాని గొంతు బొంగురుపోయింది, నుదుటి మీద చెమట పట్టింది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం ఆగలేదు. పట్టీ లాగి పారేస్తే నా మాట నాకు వచ్చేదే. కానీ తను మాట్లాడుతుండగా లాగితే మాసిక చిరుగుతుందని మొదటి రోజే హెచ్చరించారు. అది కూడా దానికి తెలుసు.

విశాలాక్షిగారు అప్పుడే కొత్త బొమ్మల కట్ట తెప్పించి నా ముందు ఒక్కొక్కటే పెట్టారు. లోవ మాట ఆపి ఊపిరి బిగబట్టింది. అరవై బొమ్మల్లో పదకొండు నేను చెప్పలేకపోయాను. పదకొండు! నాకే తెలియదు అన్ని పోయాయని. ఆవిడ కట్ట మూసేసి, తప్పు తనదేనని, ఆ ముప్పై బొమ్మలే తిప్పి తిప్పి అడగకుండా ఉండవలసిందని చాలా బాధపడ్డారు.

"ఎల్లుండి తీసేద్దాం" అన్నారు.

ఆ రెండు రోజులూ మేం పోట్లాడుకోలేదు. లోవ ఎక్కువ మాట్లాడలేదు, నా మాటలు ఖర్చవుతాయని. నేను బతిమాలాను, తిట్టాను, అన్నం మానేస్తానన్నాను. చివరికి ఒక్కటే అంది. "నా మాట కోసం నువ్వు మూగదానివైతే, ఇంక నేనెవరితో మాట్లాడను?"

అరవై ఒకటో రోజు పట్టీ తీశారు. తల తేలికయింది. నన్ను మాట్లాడి చూడమన్నారు. "నూకరత్నం, ఉప్పాడ" అన్నాను. లోవ నవ్వింది, చప్పుడు లేకుండా.

దాన్ని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను ఎదురుగా, కొంచెం దూరంగా. "చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉండండి రత్నంగారూ. పెదాలు కూడా కదపొద్దు. మీరు అందిస్తే పరీక్ష చెల్లదు" అన్నారు డాక్టరమ్మ.

ఆవు బొమ్మ చూపించారు. లోవ మాట్లాడలేదు. దువ్వెన చూపించారు. లేదు. గొడుగు దగ్గర చాలాసేపు ఆగారు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. గది బయట ఎవరో స్టీలు గ్లాసులు కడుగుతున్న చప్పుడు ఒక్కటే. తెర మీద మాసిక గీత సన్నగా వణుకుతోంది కానీ లేవడం లేదు. నా ఒళ్ళో నా చేతులు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. నా మాటలు నాకు మిగిలాయి, వాటిని ఏం చేసుకోను అనిపించింది.

"ఇవాళ్టికి ఆపుదాం లోవా" అన్నారు విశాలాక్షిగారు. ఆవిడ గొంతులో రేపటి మీద ఆశ లేదు.

అప్పుడు నేను లోవ మొహం సరిగ్గా చూశాను. ఏడవడం లేదు. భయపడడం లేదు. గొడుగు బొమ్మ వైపు చూడడం కూడా లేదు. నా చేతుల వైపు చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు నా ఎడమ పక్కన ఆ చూపు కూర్చుంది. తన పువ్వులు అయిపోయాయి. నావి అవడం కోసం చూస్తోంది. మా గీతలు కలిశాయని మురిసిపోయారు కానీ, ఆ కలయికలో సగం లోవ నా కోసం ఆగడమేనని ఆ ల్యాబులో ఎవరికీ తట్టలేదు. మాసిక నా దగ్గర మాటలు నేర్చుకుంది, లోవ దగ్గర ఆగడం నేర్చుకుంది.

ఒళ్ళోంచి చెయ్యి తీశాను. కుర్చీ చెక్క మీద గోటితో రెండుసార్లు కొట్టాను.

టక్ టక్.

"రత్నంగారూ!" అన్నారు డాక్టరమ్మ కోపంగా.

లోవ ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. తెర మీద గీత ఒక్కసారి లేచింది.

"అట్..." అంది. ఆగింది. పెదాలు తడుపుకుంది. "అట్ల... కాడ."

విశాలాక్షిగారు చేతిలో బొమ్మ వంక చూసుకున్నారు. "గొడుగు కదమ్మా?" అన్నారు మెల్లగా.

లోవ తల అడ్డంగా ఊపింది. "గొడుగు... నాకొద్దండి. మా వదినకి... అట్లకాడ... కావాలి."

నేను పెద్దగా ఏడ్చేశాను. ఎవరున్నారో, ఎక్కడున్నానో చూడలేదు. లోవ కుర్చీలో ముందుకి వంగి, నా ఏడుపు అయ్యేదాకా ఓపిగ్గా చూసింది. తర్వాత చెయ్యి చాపి, నా కుర్చీ చెక్క మీద తన గోటితో రెండుసార్లు కొట్టింది.

"అట్లకాడ" అన్నాను నేను.